చిన్నమ్మ కుడి చెవి

నా చిన్నప్పుడు జూబ్లీహిల్స్‌లో మనుషుల కంటే రాళ్లే ఎక్కువ. ఆ పేరు కూడా మాకు తెలియదు, గుట్టలనేవాళ్లం. ఇప్పుడు అద్దాల దుకాణాల ముందు కార్లు వరుస కట్టే చోట మా వాళ్లు ఎండలో కూర్చుని బండలు కొట్టేవాళ్లు. మగవాళ్లు ఉలితో బండకు వరుసగా గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగగొట్టి చీల్చేవాళ్లు. ఆడవాళ్లు కంకర కొట్టేవాళ్లు. ఈ బంగళాల పునాదుల్లో మా చెమట ఉందని ఎవరూ ఫలకం వేయలేదు. వేయకపోతే పోయె. నేను బడికి పోలేదు, గోడల మీది సినిమా పోస్టర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. రాతలో తప్పులుంటే ఉండనీయండి. జ్ఞాపకంలో మాత్రం తప్పు లేదు.

మా అమ్మకు ఒక చెల్లెలు. మా చిన్నమ్మ. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆమె మొగుడు, అంటే మా చిన్నాయన, ఆ గుట్టల మీదే ఉలి పని చేసేవాడు. సరదా మనిషి. నన్ను భుజాల మీద ఎక్కించుకుని గుట్ట చుట్టూ తిప్పేవాడు, దారి పొడుగునా పాటలు పాడేవాడు. తండ్రి ముఖం గుర్తులేని నాకు ఆ భుజాలే లోకం. ఆ భుజాలకు చేతులు కూడా ఉన్నాయని, అవి గుడిసెలో చిన్నమ్మ మీద లేస్తాయని నాకు తెలుసు. తెలిసినా ఆ రెండూ ఒకే మనిషివని నా బుర్రకు ఎక్కేది కాదు.

దెబ్బల కంటే ఆయన మాటలు ఎక్కువ పని చేశాయి. కూరలో ఉప్పెక్కువైతే “నీకేం చేతనైతది” అనేవాడు. ఆమె నవ్వితే “ఎవని కోసం” అనేవాడు. “నేనిడిస్తే నిన్ను కుక్క గూడ సూడది” అనేవాడు. వినీ వినీ ఆమెకు ఆ మాటలు తన సొంత మాటలైపోయాయి. చేయి జారి కంకర తట్ట ఒలికితే, ఎవరూ ఏమీ అనకముందే తానే “నాకు చేతగాదక్కా” అనేది. అట్లాంటి మనిషి రెండుసార్లు మా గుడిసెకు వచ్చేసింది. రెండుసార్లూ ఆయన వచ్చి కాళ్లావేళ్లా పడి తీసుకుపోయాడు. మూడోసారి వచ్చినప్పుడు మా అమ్మమ్మ ఆయన్ను గుడిసె దరిదాపులకు రానీయలేదు.

అప్పుడాయన నన్ను పట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం గుట్ట వెనక నన్ను భుజాల మీదికి ఎత్తుకుని, చేతి నిండా వేయించిన పల్లీలు పోశాడు. “మీ చిన్నమ్మకు చెప్పురా కొడుకా, నేను అన్నం తింటలేనని. ఇంక చెయ్యి లేపనని. నీ మాటైతే ఇంటది.” ఆయన కళ్లలో నీళ్లు కూడా చూశాను. పల్లీలు నములుతూ పరుగెత్తాను. చెప్పమన్నదానికి నా వంతు కూడా కలిపాను: “చిన్నాయన మస్తు ఏడుస్తుండు చిన్నమ్మా, పాపం.” ఆమె కంకర సుత్తె పక్కన పెట్టి నా ముఖం చాలాసేపు చూసింది. తర్వాత లేచి, చీర దులుపుకుని వెళ్లిపోయింది. ఏదో ఘనకార్యం చేసినట్టు నేను ఆ సాయంత్రమంతా గంతులేశాను.

పదిరోజులు కాకముందే తిరిగి వచ్చింది. ఈసారి ఏడవలేదు. నేను ఎడమ పక్క నుంచి “చిన్నమ్మా” అని పిలిస్తే పలకలేదు. కోపం వచ్చిందేమో అనుకుని ఇంకా గట్టిగా పిలిచాను. ఆమె మెడ తిప్పలేదు. మా అమ్మ వచ్చి నన్ను అవతలికి లాగింది. చెంపదెబ్బకు ఆ చెవి పోయిందట. ఆ వినికిడి మళ్లీ రాలేదు.

మా అమ్మమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మరునాడు పొద్దున్నే చేయి పట్టుకుని గుట్ట మీదికి తీసుకుపోయింది. చిన్న సుత్తె నా చేతికిచ్చి ఒక బండను కొట్టమంది. కొట్టాను. ఖంగుమంది. పక్క బండను కొట్టమంది. పైకి రెండూ ఒకే తీరు, రెండోది ఇంకా నున్నగా ఉంది కూడా. కొడితే డబ్బుమంది, కుండ మీద గుడ్డ కప్పి తట్టినట్టు.

“గీ రెండో దాంట్ల లోపల పగులుంది. కంటికి కనవడది. సప్పుడు జెప్తది,” అంది. నేను తలూపాను. అప్పుడడిగింది, “మీ చిన్నాయన మాట గట్ల కొట్టి సూసినవారా?”

నేను సుత్తె కింద పెట్టాను.

“వాడే వచ్చి చెప్తే మీ చిన్నమ్మకు ఆ పగులు ఇనవడుతుండె బిడ్డా. రెండుసార్లు మోసపోయింది, మూడోసారి ఇనకపోతుండె. వాని మాట నీ నోట్లె పెట్టుకొని తెచ్చినవ్. నీది మంచి గొంతు. ఖంగుమన్నది. గందుకే లేచింది.”

అంతే. అంత బరువైన మాటను ఎనిమిదేళ్ల పిల్లవాడి నెత్తిన పెట్టవచ్చా అని ఇప్పటివాళ్లు అడుగుతారేమో. పెట్టింది. నేను ఆ రాయి పక్కనే కూర్చుని ఏడ్చాను. ఆమె ఏడవనిచ్చింది.

తర్వాత మా అమ్మమ్మ ఇంకో పని చేసింది. అదే సుత్తెను చిన్నమ్మ చేతిలో పెట్టి, ఇకనుంచి ఏ బండ చీల్చాలో నువ్వే కొట్టి చూసి చెప్పు అంది. అది మగవాళ్ల పని. మేస్త్రీ పగలబడి నవ్వాడు. “ఏందవ్వా, చెవిటిదానితోని రాళ్లు చూపిస్తవా?” చిన్నమ్మ ఎప్పటిలాగే “నాకు చేతగాదు” అంది. “చేతులతోని గాదు, చెవితోని. కుడిది సాలు,” అంది అమ్మమ్మ.

చిన్నమ్మ తల వంచి, కుడి చెవి బండకు దగ్గరగా పెట్టి తట్టేది. ఒక చెవి పోయినందుకేనేమో, ఉన్న చెవిని గట్టిగా పట్టుకుంది. ఒకనాడు మేస్త్రీ ఎంచిన పెద్ద బండను తట్టి, వద్దంది. మాట మార్చలేదు. ఆయన పంతానికి చీలలు దిగగొట్టించాడు. గీత ఒకచోట ఉంటే బండ అడ్డదిడ్డంగా ఇంకోచోట చీలింది. రెండు రోజుల పని బుగ్గి. ఎవరూ నవ్వలేదు. మరునాటి నుంచి మేస్త్రీ బండ దగ్గర నిలబడి “ఏమంటవ్ చెల్లె?” అని అడగడం మొదలుపెట్టాడు.

ఆ ఒక్కరోజుతో చిన్నమ్మ బాగుపడిందని నేను అబద్ధం రాయను. అడుగుల చప్పుడైతే ఉలిక్కిపడేది. చిన్నాయన పాట వినబడితే గుట్ట అంచు దాకా నడిచి, అక్కడ నిలబడి, తిరిగి వచ్చేది. “చేతగాదు” అన్న మాట ఆమె నోటి నుంచి పోవడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. చిన్నాయన ఇంకోసారి నన్ను గుట్ట వెనక పట్టుకున్నాడు. పల్లీలు చూపించాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. కబురు మోయలేదు. చిన్నమ్మ నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

పెద్దయ్యాక నా బతుకు ఫిలింనగర్‌లో తెల్లారింది. నిజం రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టి, సెట్టింగుల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అబద్ధపు రాళ్లు పోశాను. ఆ రాళ్ల ముందు హీరో హీరోయిన్ చెంప పగలగొడతాడు, ఆమె ఆ చెంప నిమురుకుంటూ ప్రేమలో పడుతుంది. కట్ అనగానే అందరూ చప్పట్లు. నేను ఒక్కసారి కూడా కొట్టలేదు. చెవి పోయినదాన్ని చూసినవాణ్ణి, నాకెట్లా చేతులొస్తాయి?

ఈమధ్య, ఊరంతా సాఫ్ట్‌వేర్ అని పరుగులు తీస్తున్న ఈ రోజుల్లో, రహమత్ నగర్‌లో మా పై గదిలోకి ఒక అమ్మాయి కిరాయికి వచ్చింది. కోస్తా పిల్ల. హైటెక్ సిటీలో ఉద్యోగం. చేసుకోబోయేవాడని ఒకడున్నాడు. బస్సెక్కగానే వాడికి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ఒకటి, ఆఫీసు గేటు దగ్గర ఒకటి. ఒక్కటి తప్పితే ఆ రోజు ఆ పిల్ల కళ్లు వాచి ఉంటాయి. గేటు చప్పుడైనా “సారీ తాతగారూ” అంటుంది. కుళాయిలో నీళ్లు రాకపోయినా సారీ. ఆ సారీ నాకు తెలిసిన మాటే. మా గుట్టల మీద దాన్ని “చేతగాదు” అనేవాళ్లు.

ఒక ఆదివారం పొద్దున వాడు మా గేటు దగ్గరికి వచ్చాడు. వారం రోజులుగా ఆమె ఫోన్ ఎత్తడం లేదట. ఇస్త్రీ చొక్కా, చేతిలో పూలు, కళ్లలో నీళ్లు. “ఒక్కసారి కిందికి రమ్మని చెప్పండి తాతగారూ. అన్నం కూడా తినట్లేదండీ నేను. మీ మాటైతే వింటుంది.”

యాభై ఏళ్ల తర్వాత అవే మాటలు. నా నోట్లో పల్లీల రుచి వచ్చింది. నిజం చెబుతున్నాను.

“నీకు నోరుంది గద బాబూ. నీ కబురు నేను మొయ్య,” అన్నాను.

ఇంకో రెండుసార్లు బతిమాలాడు. నేను కదల్లేదు. మూడోసారికి గొంతు మారింది. “ముసలాడివి, ఊరికే చెప్పమంటే నీకేంటయ్యా నొప్పి? దాన్ని నేను కాక ఇంకెవడు చేసుకుంటాడనుకున్నావ్?” మెట్ల మీద గాజుల చప్పుడైంది. ఆ పిల్ల సగం దాకా దిగి ఆగిపోయింది. విన్నది. నడుమ నా గొంతు లేకపోయేసరికి బండ తన చప్పుడు తానే చెప్పుకుంది. ఆమె వెనక్కి తిరిగి పైకి వెళ్లి తలుపు వేసుకుంది. వాడు పూలు మా గోడ మీదే వదిలి పోయాడు.

అదీ ఒక్కనాటితో తీరిన పని కాదు. ఇంకా ఏడుస్తుంది. ఫోన్ చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చుంటుంది. కానీ మొన్న బస్టాపు దాకా ఇద్దరం కలిసి నడిచాం. ఆమె బ్యాగు నా మోచేతికి గట్టిగా తగిలింది. సారీ అనలేదు. “మీరు కొంచెం పక్కకు నడవండి తాతగారూ,” అంది. నాకెంత సంతోషమైందో ఆ పిల్లకు తెలియదు.

నేను ఒక అడుగు దూరం జరిగాను, అలవాటుగా ఆమెకు కుడి పక్కనే. “ఎప్పుడూ ఇటు పక్కకే వస్తారేంటండీ?” అని నవ్వింది. బస్సు వచ్చింది, చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను. మా చిన్నమ్మ బతికి ఉన్నన్నాళ్లూ ఆమెతో ఏ మాట మాట్లాడాలన్నా కుడి పక్కకే చేరేవాణ్ణి. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నేటికీ ఏ ఆడమనిషి పక్కన నడిచినా నా కాళ్లు వాటంతటవే ఆ పక్కకు పోతాయి. ఎడమ పక్కన నిలబడి మాట్లాడే ధైర్యం నాకు ఎనిమిదేళ్లప్పుడే పోయింది.