ఈ బీరు ఎవరు గీసినారు?

ఇందుకూరుపేట దాటాక మైపాడు బస్సు ఆగిపోయింది. నీడ కోసం పక్కనున్న తాటితోపులోకి వెళ్లాను. అప్పుడే చెట్టు దిగిన పెంచలయ్య అనే పెద్దాయన, అడక్కుండానే తాటాకు దొప్పలో కల్లు పోశాడు. ఊరికే తాగడం బాగుండదని నా సంచిలోని బీరు సీసా ఆయన చేతికిచ్చాను.

ఒక గుక్క తాగి, సీసా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ఎవురు గీసినారు అబ్బయ్యా?"

నవ్వొచ్చింది. "బీరు గీయరన్నా. ఫ్యాక్టరీలో చేస్తారు."

"చేసినోడికి పేరుంటది గదా! కల్లు బాగుంటే పెంచలయ్య గీసినాడంటారు. పులిస్తే నన్నే తిడతారు. ఇది బాగలేకపోతే నువ్వు ఎవుర్ని తిడతావు?"

పదేళ్లుగా అదే బీరు తాగుతున్నాను. లేబుల్ మీద వెతికితే కంపెనీ పేరే కనిపించింది.

హైదరాబాద్ వచ్చాక, బీరు అక్కడికక్కడే తయారుచేసే ఒక చిన్న చోటికి మొదటిసారి వెళ్లాను. సగం గ్లాసు తాగి, "ఇది ఎవరు గీశారు?" అని వెయిటర్‌ని అడిగేశాను. అతను తెల్లబోయి లోపలికి వెళ్లాడు. కాసేపటికి ఒకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నేనేనండీ చేసింది. పులుపెక్కువైందా?"

ఎక్కువే అయింది. కానీ తిట్టడానికి ఒక మనిషి దొరికిందన్న సంతోషంలో ఇంకో గ్లాసు తెమ్మన్నాను.