గ్లాసూ, గాజూ, మా టీచరుగారూ

మా అమ్మాయికి ఒకటో తరగతి చెప్పిన టీచరుగారు పోయిన ఆదివారం గ్రేటర్ నోయిడాలో కన్నుమూశారు. ఆవిడ వెళ్ళే చర్చిలో తెలిసినావిడ ఫోన్ చేసి చెప్పింది. పరీక్షలవగానే వస్తామన్నారట కదా, మిమ్మల్ని రెండుసార్లు అడిగారు అని కూడా చెప్పింది. అవును, అన్నాం. పరీక్షలు ఇంకా అవలేదు. ఈ మాట ముందు రాసేస్తే గానీ మిగతాది రాయడానికి నాకు చేయి ఆడదు.

అప్పట్లో మేం ఢిల్లీలో గవర్నమెంటు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. తెలుగువాళ్ళ పిల్లలే ఎక్కువగా చదివే ఒక చిన్న బడిలో పిల్లని వేశాం. టీచరుగారిది తెనాలి వైపు. భర్త ఆసుపత్రిలో నర్సు. మునిర్కాలో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవారు. కుడిచేతికి ఎప్పుడూ ఆకుపచ్చ గాజు గాజులు. వాళ్ళ చర్చిలో కొందరికి అది నచ్చేది కాదు. "బంగారం మానేశానమ్మా, అది దేవుడికిచ్చేశాను. ఈ చప్పుడు మాత్రం నాకుంచమన్నాను" అని నవ్వేవారు. వరండాలో గాజులు వినబడితే చాలు, పిల్లలు గబగబా ఎవరి చోట్లో వాళ్ళు కూర్చునేవారట.

ఆ ఏడే బడికి కొత్త కంప్యూటరూ, దానితో పాఠాల సీడీ వచ్చాయి. చుట్టూ ఉండే వస్తువులు వేటితో తయారవుతాయో చెప్పే పాఠం అది. తెర మీద బొమ్మలు వస్తాయి, ఎవరో దొరసాని గొంతు ఇంగ్లీషులో అడుగుతుంది, పిల్లలు మౌసు నొక్కాలి. గ్లాసు ఏదో చూపించమంది. మా అమ్మాయి ఠక్కున వెళ్ళి స్టీలు గ్లాసు మీద నొక్కింది. కంప్యూటర్ బర్రుమంది. సరైన జవాబు పక్కనున్న కిటికీ అద్దమట. క్లాసంతా నవ్వింది. టీచరుగారూ నవ్వేశారు.

ఇంటికొచ్చి మంచినీళ్ళ గ్లాసు నా ముందు పెట్టి, "మమ్మీ, గ్లాస్ తో యహీ హై నా?" అని, గ్లాసంటే ఇదే కదా అన్నట్టు హిందీలో అడిగింది. అదే కదమ్మా అన్నాను. మరి అందరూ ఎందుకు నవ్వారని ఏడుపు. మర్నాటి నుంచి క్లాసులో నోరు విప్పడం మానేసింది. వాగుడుకాయ కాస్తా మూగనోము పట్టింది. వారమైనా మార్పు లేకపోయేసరికి నాకు ఒళ్ళు మండి, కడిగేద్దామనే బడికి వెళ్ళాను.

కడగడానికి ఆవిడ నాకు అవకాశమే ఇవ్వలేదు. నేను నోరు తెరవకముందే, నవ్వడం నాదే పొరపాటు అన్నారు. నా ఎదుటే పిల్లని దగ్గరికి తీసుకుని, గ్లాస్ అంటే తెలుగులో గాజు అని చెప్పబోయారు. పిల్ల ఆవిడ చేతి గాజుల వంక చూసి, తర్వాత నా చేతుల వంక చూసి, అమ్మవి బంగారు గాజులు కదా అంది. అంతే, ఇంగ్లీషులో గ్లాసు స్టీలుదైంది, తెలుగులో గాజు బంగారందైంది. నాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం ఈసారి నవ్వలేదు.

"తప్పు నీది కాదే బంగారూ, మాటది" అన్నారు. "పేరు విని నమ్మొద్దు. పట్టుకుని చూడు."

ఆ రోజు నుంచి ఆవిడ సొంత పాఠం మొదలైంది. ఎవరిదో డిజిటల్ కెమెరా అడిగి తెచ్చారు. మా ఇంటి స్టీలు గ్లాసు, మిల్క్ బూత్ పక్క చాయ్‌వాలా గాజు గ్లాసు, పుట్టినరోజుల్లో వాడే ప్లాస్టిక్ గ్లాసు, మూడూ పక్కపక్కన పెట్టి ఫొటోలు తీశారు. చేతి గాజుల్లోనూ అంతే, గాజువీ లోహానివీ ప్లాస్టిక్‌వీ. ముందు పిల్లలు వాటిని చేత్తో పట్టుకోవాలి. స్టీలులో మన మొహం కనిపిస్తుంది, గాజులోంచి అవతలివాళ్ళ మొహం కనిపిస్తుంది, ప్లాస్టిక్ నొక్కితే లొంగుతుంది. ఆ తర్వాతే కంప్యూటర్ దగ్గరికి. కంప్యూటర్ సార్ బొమ్మలన్నీ కూర్చిపెట్టారు. బర్రుమనే చప్పుడు మాత్రం ఉండకూడదని ఆవిడ పట్టుబట్టారు.

ఆ పాఠానికి గొంతు ఎవరిదనుకున్నారు? మా అమ్మాయిది. మైకు పట్టుకుని ఒక్కొక్క మాటే చెప్పించారు. అన్నీ చెప్పింది గానీ, తప్పు నొక్కినప్పుడు రావాల్సిన మాట దగ్గర ఆగిపోయిందట. టీచరుగారు వీపు నిమిరితే అప్పుడు చెప్పింది, "మళ్ళీ పట్టుకుని చూడు" అని. నిమిరిన చేతి గాజుల చప్పుడు కూడా అందులో పడిపోయింది. మళ్ళీ రికార్డు చేయాలని ఆవిడ చాలాసార్లు అనేవారు. ఇంతలో భర్తకి గ్రేటర్ నోయిడాలో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయారు. ఆవిడ చివరిసారి ఫోన్ చేసినప్పుడు కూడా అదే గొడవ. "పిల్లని తీసుకురామ్మా, నా గాజుల గోల లేకుండా ఆ ఒక్క ముక్కా చెప్పించేద్దాం" అన్నారు. పిల్ల ఇప్పుడు పదో తరగతి, ఆ చిన్నగొంతు ఇప్పుడెక్కడిదండీ అంటే, నా దగ్గరికొస్తే వస్తుందిలే అన్నారు. వెళ్ళి ఉంటే బాగుండేది. మేమింకా ఢిల్లీలోనే ఉన్నాం, బస్సెక్కితే చేరే దూరమే.

నిన్న సాయంత్రం అమ్మాయి, టీచరుగారు వెళ్తూ మాకిచ్చిన ఆ పాఠం సీడీ వెతికి తీసింది. పాఠమంతా దాని చిన్నప్పటి గొంతే, టీచరుగారి మాట ఒక్కటీ లేదు. అన్నీ సరిగ్గానే నొక్కుకుంటూ పోయింది. ఉన్నట్టుండి, గాజుతో చేసింది ఏది అని అడిగినప్పుడు, కావాలనే స్టీలు గ్లాసు మీద నొక్కింది.

మళ్ళీ పట్టుకుని చూడు అంది చిన్న గొంతు. వెనకే గాజులు గలగలమన్నాయి.

రేపు పరీక్ష ఉందే అని నేను అనలేకపోయాను. అది మళ్ళీ స్టీలు గ్లాసు మీదే నొక్కింది. మళ్ళీ, మళ్ళీ తప్పే నొక్కుతూ కూర్చుంది.