ప్రమాణం తర్వాతి మాట

దేవుడి మీద ప్రమాణం చేయనని నేను కోర్టులో పట్టుబట్టిన కథ విని మీరు చప్పట్లు కొట్టారే, ఆ తర్వాత నేనేం సాక్ష్యం చెప్పానని మీలో ఒక్కరైనా ఎందుకు అడగలేదు?

అడుగుతారేమోనని ఇన్నేళ్లూ భయపడ్డాను. అడిగితే బాగుండునని కూడా అనుకున్నాను. మన హేతువాద సభల్లో ఆ కథ చెబుతాను, శాలువా కప్పుతారు, ఇంటికొచ్చి తాళం తీసుకుని ఒక్కణ్ణే కూర్చుంటాను. అప్పుడు చెప్పని సగం గుర్తొస్తుంది. దాన్ని మోయడం ఇక నా వల్ల కాదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లు. సివిల్స్ కోసం ఢిల్లీ వెళ్లి, కటవారియా సరాయ్‌లో ఒక మేడ మీది గదిలో ఉండేవాణ్ణి. కింది గదిలో గుంటూరు వైపు నుంచి వచ్చిన రమణమ్మ ఆంటీ మెస్ నడిపేది. ఆ సందులోని తెలుగు కుర్రాళ్లమంతా అక్కడే తినేవాళ్లం. స్టవ్వు పైన గోడకి వెంకన్న పటం ఉండేది. నేను అన్నం కలుపుకుంటూనే ఆ పటం మీద ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. "లేని దేవుడి చాటున రెండో అప్పడం ఎందుకు తీస్తున్నావు నాయనా?" అని ఆమె అంటే గదంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఆ ఊళ్లో నాకు ఇల్లు లాంటిది ఏదైనా ఉంటే అదే.

ఇంటి ఓనర్ని చౌధరీ అంకుల్ అనేవాళ్లం. ఆయన ఆ గదిని సెల్‌ఫోన్ల దుకాణానికి ఇవ్వాలనుకున్నాడు. ఆంటీ ఖాళీ చేయనంది. ఒక మధ్యాహ్నం ఆమె కూరగాయలకని మండీకి వెళ్లినప్పుడు ఆయన మనుషులు వచ్చి తాళం పగలగొట్టారు. గిన్నెలు సందులో పడ్డాయి. వేడి సాంబారు మురిక్కాలవలో పోశారు. నేను మెట్ల మీద నిలబడి ఉన్నాను. "భయ్యా, జరా సైడ్" అన్నాడు స్టవ్వు మోస్తున్నవాడు. పక్కకి జరిగాను.

గది తిరిగి ఇప్పించమని ఆమె కోర్టుకెళ్లింది. తనంతట తానే ఖాళీ చేసిందని అంకుల్ వాదించాడు. తాళం పగలగొట్టడం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నువ్వైతే అబద్ధం చెప్పవు నాయనా," అంది ఆంటీ నా గదికొచ్చి.

"ఎందుకంత నమ్మకం ఆంటీ?"

"నా స్టవ్వు పక్కనే నిలబడి నా దేవుడు లేడన్నావు. రెండో గరిట పప్పు వెయ్యనేమోనన్న భయం కూడా లేదు నీకు. భయం లేనోడే కదా నిజం చెప్పేది!"

"చూసింది చూసినట్టు చెప్తాను," అన్నాను.

తర్వాత అంకుల్ పిలిచి టీ ఇచ్చాడు. బెదిరించలేదు. మెయిన్స్ దగ్గరపడుతుంటే గది వెతుక్కుంటూ ఎక్కడ తిరుగుతావు బేటా, అన్నాడు. ఆ రోజు నువ్వు నిద్రపోతున్నావు, ఠీక్ హై? అన్నాడు. నేను టీ తాగాను.

కోర్టులో గుమాస్తా ఈశ్వరుడి మీద ప్రమాణం చేయమన్నాడు. చేయనన్నాను. మనస్సాక్షి మీద చెబుతాను, ఆ హక్కు చట్టమే ఇచ్చింది అన్నాను. నా గొంతు నాకే ఖంగుమని వినిపించింది. జడ్జి తలెత్తి చూసి, మెచ్చుకున్నట్టు తలాడించారు. ఇక్కడిదాకా మీకు తెలుసు.

ఆ తర్వాత చెప్పింది ఇది: "నేను నిద్రపోతున్నాను. కిందికి వచ్చేసరికి గది ఖాళీగా ఉంది. ఎవరూ బలవంతం చేయగా చూడలేదు."

నమ్మారు. ప్రమాణం దగ్గరే అంత పట్టింపు ఉన్నవాడు అబద్ధమాడతాడని ఎవరనుకుంటారు? ఆమె కేసు పోయింది.

భయపడ్డానా? ఆ మాటనుకుంటే కాస్త జాలి దొరుకుతుంది, కానీ అది కూడా నిజం కాదు. నా ఒక్కడి మాటతో ఏం మారుతుంది, ఎలాగూ ఆయనే గెలుస్తాడు, నేను అధికారినైతే ఇలాంటివాళ్లెందరికో మేలు చేస్తాను అని తర్కించుకున్నాను. ఇప్పుడు ఊరూరా జనానికి నేర్పుతున్న ఆ తర్కాన్నే ఆ రోజు నా స్వార్థానికి కాపలా పెట్టాను.

కోర్టు వరండాలో ఆమె నన్ను తిట్టలేదు. శాపం పెట్టి ఉంటే మూఢనమ్మకమని తీసిపారేసేవాణ్ణి. సరాయ్‌కి బస్సు ఎక్కడ ఆగుతుందని వచ్చీరాని హిందీలో పక్కవాళ్లని అడిగింది. అంతకుముందు అలాంటివన్నీ నన్నే అడిగేది.

గది నాకు మిగిలింది. మెస్ పోయాక కుర్రాళ్లు చెదిరిపోయారు. తెలుగు మాట వినకుండా వారాలు గడిచేవి. కింద దుకాణంలో రోజంతా ఫోన్లు మోగుతుంటే పైన పుస్తకం ముందు కూర్చునేవాణ్ణి. పరీక్ష పోయింది. ఆంటీ ఎటు వెళ్లిందో వెతకలేదు. ఊరికి తిరిగొచ్చాక ప్రమాణం కథ రాశాను. దాంతోనే మీరు నన్ను గుర్తించారు.

ఆమె నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. ఆ హక్కు నాకు లేదు. చెప్పేశాను, అంతే. గుండె కొంచెం తేలికైంది. దానికీ సిగ్గుగానే ఉంది.

ఈసారి నన్ను వేదిక ఎక్కించినప్పుడు చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడి, నా మొహమ్మీదే అడగండి: "ఆ తర్వాత ఏం చెప్పావు?"