బ్యాటరీ గదిలో సాంబ్రాణి

సంయుక్తది మొండిధైర్యం. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు ఏళ్లకేళ్లు చదివీ చదివీ విసిగి, ఒకరోజు పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేసేసింది. నల్లకుంట, విద్యానగర్ గల్లీల్లో సోలార్ వాటర్ హీటర్లు అమ్మడానికి బయల్దేరింది. "ఆడపిల్లవు, మంది మిద్దెలెక్కుడేందే?" అని తల్లి విద్యావతి నెత్తీనోరూ కొట్టుకుంది. వింటేగా! మిద్దెలేం ఖర్మ, దేశాలే దాటింది. వియత్నాం వరదల్లో పడవల మీద సోలార్ పలకలు మోయించింది. జోర్డాన్ ఇసుక తుఫానులో దారి తప్పి, లారీ కింద దూరి ప్రాణాలు దక్కించుకుంది. ఇప్పుడు కెన్యా ఎడారిలో సొంత కంపెనీ. పగటి ఎండను బ్యాటరీల్లో దాచి, చీకటి పడ్డాక ఊళ్లకు కరెంటు అమ్ముతోంది.

ఎక్కడికెళ్లినా ఒక్క అలవాటు మాత్రం వదల్లేదు. నారాయణగూడలో మోటార్ల రిపేరు షాపు నడిపిన నాన్న రామచంద్రరావు, దసరానాడు ప్రతి మిషన్‌కీ బొట్టు పెట్టి సాంబ్రాణి వేసేవాడు. ఆమె కూడా అంతే. అయితే బ్యాటరీ గదిలో పొగ కనబడితే చాలు, నిప్పంటుకుందనుకుని సైరన్ మోగుతుంది, మంటలార్పే గ్యాస్ గదంతా నిండుతుంది. ఆ గ్యాస్‌లో మనిషికి ఊపిరాడదు. అందుకని పూజకు ముందు అలారం ఆఫ్ చేయించి, పొగంతా పోయాక మళ్లీ ఆన్ చేయించేది. ఇంజనీర్లు వద్దని మొత్తుకుంటే, "ఏం కాదు, ఏటా చేస్తున్నదే" అని కొట్టిపారేసేది.

ఈ దసరాకు ఆ పూజ నగేష్‌కు అప్పజెప్పి ఇంటికొచ్చింది. నగేష్ ఆమె కంపెనీలో సైట్ ఇన్‌చార్జి. చిక్కడపల్లి బస్తీవాడు, సంయుక్త వాళ్లింట్లో పనిచేసే పెంటమ్మకు ఒక్కగానొక్క కొడుకు. కెన్యా అనగానే పెంటమ్మ ఏడ్చింది. "వాని జిమ్మేదారి నాది" అని మాటిచ్చి తీసుకెళ్లింది సంయుక్తే.

పండుగ సాయంత్రం పెంటమ్మ జమ్మి ఆకు పట్టుకొచ్చి సంయుక్త చేతిలో పెట్టింది. "జర ఫోన్ కలుపు బిడ్డా, వాన్ని చూసి పోత" అంది.

కెన్యాలో ఇంకా ఎండ మండుతోంది. వీడియోలో నగేష్ నుదుట ఇంత బొట్టుతో కనబడ్డాడు. "పూజ కిరాక్ అయింది అక్కా! దండిగ సాంబ్రాణి ఏసినం. తలుపు మూసి ఇప్పుడే అందరం బువ్వకొచ్చినం."

"అలారం ఆన్ చేసినవా?"

అతని నవ్వు ఆగిపోయింది. "అయ్యో, మర్సిన అక్కా."

సంయుక్త దిగ్గున లేచింది. ఇంత ఎండకు బ్యాటరీలు నిండుతున్న సమయం. నిప్పు రాజుకుంటే ఆర్పే దిక్కే లేదు. "ఇంకా కూసున్నవేంది? ఉరుకు! పోయి ఆన్ చెయ్!" అని కసిరింది.

ఫోన్ పట్టుకునే పరుగెత్తాడు నగేష్. బ్యాటరీ గదిలోకి వెళ్లగానే వెనక తలుపు దానంతటదే పడి, లాక్ అయింది. తెర మీద గదంతా మసగ్గా కనబడింది. పొగ ఇంకా పోనేలేదు. ఆ సంగతి ఆమెకు తట్టేసరికే అతని చెయ్యి స్విచ్ మీదుంది.

"వద్దు నగేషా! ఆన్ చెయ్యకు! బయటికి రా!"

సైరన్ మోతలో ఆ కేక కలిసిపోయింది. వెంటనే బుస్సుమని గ్యాస్ చప్పుడు. "అక్కా, తలుపు..." అన్నాడు. అతని ఫోన్ కింద పడింది.

సంయుక్త తన ఫోన్ అక్కడే పడేసి, తల్లి చేతిలోది లాక్కుని సైట్‌లో ఒక్కొక్కరికీ చేసింది. ఎవరూ ఎత్తలేదు. నేనే పంపాను, నా నోటితో నేనే పంపాను అని లోపల కుమిలిపోతోంది. పెంటమ్మ ముఖంలోకి చూడలేకపోయింది.

పెంటమ్మ మాత్రం సంయుక్త పడేసిన ఫోన్ తీసి ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. తెర మీద తెల్లటి పైకప్పు తప్ప ఏమీ లేదు.

"నగేషా, పండుగ పూట ఏం తిన్నవ్ బిడ్డా?"

ఆ మోతలో కొడుక్కి వినబడలేదేమోనని, గొంతు పెంచి మళ్లీ అడిగింది.