అమ్మిన ఇంటి వెంట

పద్మానది ఒడ్డున ఇల్లు అమ్మడమంటే ఇల్లే అమ్మడం. నేలతో పని లేదు. నేల ఈ వర్షాకాలానికి ఉంటుంది, వచ్చే వర్షాకాలానికి నదిలో ఉంటుంది. అందుకే లౌహజంగ్ చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళని కర్రతోనూ రేకులతోనూ కట్టుకుంటారు. నది దగ్గరపడితే మేకులు పీకి, ముక్కలు ముక్కలుగా విప్పి, పడవకెక్కించి ఇంకోచోట నిలబెడతారు. కెరామత్ బేపారి తాతగారి ఇల్లు అలా నాలుగు ఊళ్ళు తిరిగిందట. అందులో ఒక ఊరివాళ్ళు గృహప్రవేశం భోజనానికి చేతులు కడుక్కుని వచ్చేసరికి ఇల్లు వెళ్ళిపోయిందట. ఈ మాట చెప్పింది కెరామతే కాబట్టి సగం నమ్మితే చాలు.

కెరామత్ ఇల్లు ఆయన సొంతంగా కట్టించుకున్నది. బర్మా నుంచి వచ్చిన గట్టికర్ర స్తంభాలు, నాలుగు వాలుల రేకుల కప్పు, చూరు పొడుగునా కత్తిరించిన రేకుపూల అంచు, లోపల మనిషి వంగకుండా తిరగగల అటక. అంతకన్నా పెద్ద ఇళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాయి. కానీ కురవని ఇల్లు ఇదొక్కటేనని కెరామత్ అనేవాడు.

"కట్టిన నాటినుంచీ ఒక్క చుక్క పడలేదు," అని రేవులో టీకొట్టు బల్ల మీద కూర్చుని వేలెత్తి చెప్పేవాడు. "ఆ పెద్ద తుఫానప్పుడు మొల్లాలవాళ్ళ ఆవు గాల్లోకి లేచి మా కప్పు మీద దిగింది. ఈ వాలు ఎక్కి ఆ వాలు దిగి వెళ్ళిపోయింది. రేకు సొట్ట పడిందా? లేదు. చుక్క కారిందా? లేదు."

"ఆవు పాలు కూడా కారలేదా చాచా?" అనేవాడు టీకొట్టువాడు.

"పొద్దున ఎప్పటిలాగే ఇచ్చింది," అనేవాడు కెరామత్.

నవ్వేవాళ్ళు నవ్వినా కప్పు సంగతిలో ఆయనకి ఎదురు చెప్పినవాడు లేడు. చేపల వ్యాపారంలో నష్టపోయాడు. యూనియన్ పంచాయతీ ఎన్నికలో నిలబడితే సొంత బావమరిదే ఓటు వేయలేదు. రేవులో ఆయన మాటకి మిగిలిన విలువంతా ఆ కప్పు కిందే ఉండేది.

ఆ బావమరిదే నారాయణ్‌గంజ్‌లో బియ్యం కొట్టు పెట్టి, అక్కనీ బావనీ వచ్చి భాగం తీసుకోమన్నాడు. కెరామత్ భార్య జొహురా వానలు పడేలోగా వెళ్ళిపోదామంది. జొహురా అన్నాక ఆ ఇంట్లో దానికి తిరుగు లేదు. మూడో అంతస్తులో రెండు గదులు కూడా చూసిపెట్టారు. ఇల్లు అమ్మడం ఒక్కటే మిగిలింది.

కెరామత్ స్తంభాలకి నూనె పట్టించాడు, కిటికీలకి నీలం రంగు వేశాడు, రేకుపూలని ఒక్కొక్కటే గుడ్డతో తుడిచాడు. తర్వాత కొనడానికి వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినే తరిమేశాడు. ఒకడు కోళ్ళఫారం పెడతానన్నాడు. ఒకడు తలుపులు మాత్రం ఇమ్మన్నాడు. ఇంకొకడు ఇంటిని చూస్తూ ఆవలించాడు.

"ఇల్లు అమ్ముతున్నారా, పిల్లనిస్తున్నారా?" అంది జొహురా.

"పిల్లయితే ఎప్పుడో ఇచ్చేసేవాణ్ణి," అన్నాడు కెరామత్.

చివరికి అవతలి ఒడ్డునుంచి సోభాన్ మాదబర్ వచ్చాడు. జనపనార వ్యాపారి. నోరు తక్కువ, అనుమానం ఎక్కువ. స్తంభాలు ఒక్కొక్కటీ కొట్టి చూశాడు, గోటితో గీరి వాసన చూశాడు. బేరం కుదిరాక, బయానా ఇచ్చేముందు కప్పు వైపు చూసి అడిగాడు.

"కురుస్తుందా?"

ఆ ప్రశ్న కెరామత్‌ని ఎవరూ అడిగి ఎరగరు. లేచి నిలబడి, రేవు రేవంతా వినేలా ఒట్టేశాడు.

"ఒక్క చుక్క పడితే ఇల్లు వెనక్కి తీసుకుంటాను. నీ డబ్బు నీకిస్తాను. పడవ కిరాయి కూడా నాదే."

పక్కనే తమలపాకు నములుతున్న జొహురాకి పొలమారింది. ఎవరో మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఇల్లు విప్పడానికి వడ్రంగి నితాయి మిస్త్రి వచ్చాడు. కట్టింది కూడా అతనే. రేకుల మీద సున్నంతో గుర్తులు పెట్టుకుంటూ పైనుంచి కిందికి విప్పుతూ వచ్చాడు. సాయంత్రానికి కప్పు లేదు, మర్నాటికి గోడలు లేవు. జొహురా మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని ఆకాశం కింద అన్నం వండింది. దారినపోయేవాళ్ళు ఎప్పటిలాగే గుమ్మం ఉండే చోట నిలబడి పలకరించారు.

సామానుతో జొహురా నారాయణ్‌గంజ్ పడవెక్కింది. కెరామత్ ఇంటి పడవెక్కాడు.

"ఎక్కడికి?" అంది జొహురా.

"ఒట్టేశాను కదా. నితాయి ఒక్క మేకు వంకరగా కొడితే మన కొంప మునుగుతుంది. దగ్గరుండి నిలబెట్టించి, మొదటి వాన చూసి వచ్చేస్తాను."

"వాన చూడకుండా రాలేరా?"

"ఎందుకు రావాలి? నా ఇల్లు కురవదు."

జొహురా గిన్నెల మూట ఒళ్ళోకి లాక్కుంది. పడవలు రెండూ చెరో దిక్కుకి పోయాయి.

అవతలి ఒడ్డున సోభాన్ మట్టి పోసి ఎత్తుచేసిన దిబ్బ మీద ఇల్లు మళ్ళీ లేచింది. అదే గుమ్మం, అవే కిటికీలు, దక్షిణం వైపే ముఖం. నితాయి కూలి తీసుకుని వెళ్ళిపోయాడు. కెరామత్ వరండాలో మంచం వేసుకుని వానకోసం కూర్చున్నాడు.

వాన రాలేదు. ఆషాఢం సగమైనా మబ్బు అటుగా వచ్చి పలకరించి పోతోంది తప్ప కురవడం లేదు. ఈలోగా కెరామత్ ఖాళీగా ఉండకుండా ఇంటిని కాపాడాడు. సోభాన్ తలుపు గట్టిగా వేస్తే "అది తలుపు, శత్రువు కాదు," అన్నాడు. సోభాన్ భార్య రాబెయా గోడకి మేకు కొట్టబోతే సుత్తి లాక్కున్నాడు. చూడవచ్చిన చుట్టాలకి ఇల్లంతా తిప్పి చూపించి, ఆవు కథ చెప్పి, టీ కూడా పెట్టించాడు. సోభాన్ పొలం నుంచి వచ్చేసరికి సోభాన్ చుట్టాలు కెరామత్‌కి సలాం చేసి సెలవు తీసుకుంటున్నారు.

"కెరామత్ భాయ్," అన్నాడు సోభాన్ ఒకరోజు అన్నం దగ్గర, "నేను కొన్నది ఇల్లొక్కటేనా, ఇల్లూ మీరూ కలిపా?"

"నన్ను కొనేంత జనపనార ఈ ఒడ్డున పండదులే," అని కెరామత్ ఇంకో చేపముక్క వేసుకున్నాడు.

అవతల నారాయణ్‌గంజ్‌లో బియ్యం కొట్టు తెరిచారు. బావ ఏడని బావమరిది ఫోన్ మీద ఫోన్ చేశాడు. "వాన కోసం చూస్తున్నాను," అంటే, "ఇక్కడ రోజూ పడుతోంది, వచ్చి చూసుకో," అన్నాడు.

చివరికి జొహురాయే వచ్చింది. ఆమె పడవ దిగేసరికి పడమట మబ్బు ఏనుగుల మందలా లేచింది. సోభాన్ ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చేయాలని చేపల కోసం రేవుకి వెళ్ళాడు. కెరామత్ ఆమెకి ఎదురెళ్ళి, "సమయానికి వచ్చావు, నీ కళ్ళతో చూద్దువుగాని," అన్నాడు. జొహురా ఆయన్ని చూడనేలేదు. మబ్బుని చూసింది. సంచీ భుజాన ఉండగానే రాబెయా చెయ్యి పట్టుకుంది.

"రా చెల్లీ, నీ అటక చూపించు."

వాన దిగింది. రేకుల మీద ఆ చప్పుడు వింటే పద్మలో చేపలన్నీ ఒక్కసారి కప్పెక్కి గంతులేస్తున్నట్టుంది. కెరామత్ గదిగదికీ పరిగెత్తాడు. మూలల్లో నిలబడి పైకి చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా అరచేత్తో తడిమాడు. పొడి. మంచాల కింద పొడి. గుమ్మం లోపల పొడి.

"ఒక్క చుక్క లేదు!" అని వానకి వినిపించేలా అరిచాడు. ఇంత గెలుపుని చూసేవాళ్ళు లేకపోతే ఎలాగని నిచ్చెనెక్కాడు. ఇల్లు కట్టిన ఇన్నేళ్ళలో ఆయన అటక ఎక్కింది అప్పుడే. పచ్చళ్ళూ బొంతలూ ఉండే చోటు, మగవాడికి అక్కడేం పని?

అటక మీద ఇద్దరు ఆడవాళ్ళూ ఎదురెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో ఒక అల్యూమినియం గిన్నె ఉంది. గిన్నెలో టక్కున ఒకటి పడింది. కాసేపాగి ఇంకొకటి పడింది.

కెరామత్ నిచ్చెన మీదే ఆగిపోయాడు. తల అటక మీద ఉంది, మిగతా మనిషి కింద ఉన్నాడు.

"మొదటినుంచీనా?" అన్నాడు.

"మొదటి వాననుంచీ," అంది జొహురా. "చెబుదామని కిందికి దిగాను. అప్పటికే మీరు రేవులో అందరికీ చెప్పేసి వచ్చారు. కప్పు విప్పించడం కన్నా గిన్నె పెట్టడం తేలికనిపించింది."

రాబెయా అటక చెక్క మీద నల్లటి గుండ్రటి మచ్చని వేలితో చూపించింది. "జొహురా ఆపా చెప్పకపోయినా తెలిసేది భాయ్. గిన్నె ఎక్కడ పెట్టాలో ఇదిగో, గుర్తుంది."

"నితాయి," అన్నాడు కెరామత్ నీరసంగా, "వెంట్రుకవాసి తేడా లేకుండా పెట్టాడు."

"మంచి మిస్త్రి," అంది జొహురా.

టక్.

"ఒట్టేశాను. ఇల్లు వెనక్కి తీసుకోవాలి," అన్నాడు కెరామత్.

"ఎక్కడ పెడతారు? మూడో అంతస్తు మీదా?" అంది జొహురా.

రాబెయా గిన్నెని రెండు చేతులా పట్టుకుంది. "నేనివ్వను. ఈ ఒడ్డున అటకున్న ఇల్లు నాదొక్కదానిదే. ఆయన అటకెక్కరు, ఆయనకి మోకాళ్ళ నొప్పి. ఆపా, గిన్నె ఎప్పుడెప్పుడు పారబోయాలి?"

"సగం నిండగానే. కిటికీలోంచి పెరట్లోకి. అరటిచెట్టు ఉంటే దాని మొదట్లో పడేలా చూసుకో. చప్పుడు కాదు."

వాన వెలిశాక సోభాన్ తడిసి ముద్దయి, రెండు ఇలిశ చేపలు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి కప్పు వైపు చూశాడు.

"కురిసిందా?"

కెరామత్ నోరు తెరిచాడు. మూశాడు.

"వెళ్ళి చూసుకోండి, నేల ఎలా ఉందో," అంది రాబెయా, చేపలు అందుకుంటూ.

సోభాన్ చూశాడు. గదిగదికీ వెళ్ళాడు, మూలల్లో నిలబడ్డాడు, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి నేల తడిమాడు. బయటికి వచ్చేసరికి అతని ముఖం మారిపోయింది. అటువంటి ముఖం కెరామత్ చాలాసార్లు క్షౌరం అద్దంలో చూసుకున్నాడు.

మర్నాడు భార్యాభర్తల్ని పడవెక్కించడానికి సోభాన్ రేవుదాకా వచ్చాడు. దారిపొడుగునా ఎదురైన వాళ్ళందరినీ ఆపాడు. నోరు తక్కువ మనిషని ఎవరూ అనుకోరు. పడవవాడి దగ్గరికి వచ్చేసరికి సోభాన్ కథలో ఊళ్ళన్నీ మునిగాయి, మసీదు కప్పు కూడా కారింది, తన ఇంట్లో మాత్రం వాన పడుతున్న సంగతి పిల్లికి కూడా తెలియలేదు.

"ఒక్క చుక్క!" అన్నాడు సోభాన్ వేలెత్తి. "నమ్మవా? ఇదిగో, ఇల్లు కట్టించిన మనిషినే అడుగు."

పడవవాడు కెరామత్ వైపు తిరిగాడు. "నిజమేనా చాచా?"

కెరామత్ పడవలో సర్దుకుని కూర్చున్నాడు. లుంగీ అంచు తడవకుండా పైకి మడుచుకున్నాడు.

"ఆడవాళ్ళని అడుగు," అన్నాడు.