జర్మనీకి దారి టెక్కలి మీదుగా

మా తమ్ముడి మనవరాలు ఉద్యోగం మీద నెదర్లాండ్స్ వెళ్తోంది. దాని స్నేహితులెవరో 'యూరప్‌లో స్థిరపడేవాళ్లకి పనికొచ్చే వనరులు' అని ఒక పెద్ద చిట్టా పంపిస్తే నాకూ చూపించింది. ఓపిగ్గా చదివాను. ఏ బ్యాంకులో ఖాతా తెరవాలి, ఏ సిమ్ కొనాలి, అద్దె ఇల్లు ఏ యాప్‌లో వెతకాలి, కరివేపాకు ఏ సందులో దొరుకుతుంది, అన్నీ ఉన్నాయి. బయల్దేరే ముందు మీ తల్లి ఎవరో కాగితం మీద తేల్చుకోండి అని మాత్రం లేదు. నవ్వకండి. పంతొమ్మిదివందల అరవైల చివర్లో నేను పశ్చిమ జర్మనీ వెళ్లకుండా ఆగిపోబోయింది ఆ ప్రశ్న దగ్గరే. దానికి జవాబు తెచ్చుకోవడానికి ఒక రోజంతా చేసిన ప్రయాణం గురించి రాస్తున్నాను. అలాంటి ప్రయాణం మీలో కొందరికైనా తప్పదు.

నా పేరు తవిటినాయుడు. ఇంట్లో తవుడు. విశాఖపట్నంలో చదివేటప్పుడు దక్షిణాది జిల్లాల కుర్రాళ్లు ఈ పేరు విని పడి పడి నవ్వేవారు. వాళ్లలో ఇద్దరు తర్వాత జర్మనీలో ఉద్యోగం చూడమని నాకే ఉత్తరాలు రాశారు. నేను జవాబు రాయలేదు. పేరు సంగతి ఇదీ. మా ఊరు శృంగవరపుకోటకి, మా వాడుకలో కోటకి, ఆనుకుని ఉంటుంది. అమ్మ పుట్టిల్లు భావనపాడుకి ఇవతల, ఉప్పుమడుల పక్కనున్న పల్లె. నేను పుట్టింది అక్కడే. నాకు ముందు పుట్టిన ఇద్దరూ నెల తిరక్కుండానే పోయారు. అలాంటి ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే, పిల్లలు బాగా నిలిచిన ఒక ఇల్లాలికి ఆ బిడ్డని తవుడుకి అమ్మేయడం మా వైపు వాడుక. ఇంత చవకబారు సరుకుని పట్టుకుపోయి ఏం చేసుకుంటానని చావు వదిలేస్తుందట. పక్కింటి అసిరమ్మ తవ్వ అనే కొలతగిన్నెడు తవుడు పోసి నన్ను కొంది. పాలిచ్చి పెంచింది మా అమ్మ పైడమ్మే. అయినా ఆ ఊళ్లో ఎవరడిగినా నేను అసిరమ్మ కొడుకునని చెప్పాలి, లేకపోతే బేరం అబద్ధమైపోతుంది. మా మావ నా పుట్టుక రాయించడానికి మునసబు దగ్గరికి వెళ్లి అక్కడా అలాగే చెప్పాడు. మునసబుకి అసలు సంగతి తెలుసు. ఆయనా ఆ ఊరివాడే కాబట్టి 'తల్లి: అసిరమ్మ' అనే రాసుకున్నాడు. చావుని మోసం చెయ్యబోయి అందరూ కలిసి సర్కారుని మోసం చేశారు.

జర్మనీలో ఒక యంత్రాల కర్మాగారం నన్ను శిక్షణకి తీసుకుంటానంది. నేను నింపిన దరఖాస్తులో తల్లి పైడమ్మ, నేను పంపిన పుట్టుక నకలులో తల్లి అసిరమ్మ. వాళ్లు మర్యాదగానే అడిగారు: ఇద్దరిలో ఎవరు? నెలాఖరులోగా తేల్చకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామన్నారు. అప్పట్లో విజయనగరంలో యూరప్ సంగతులకి దిక్కు మా పెదనాన్నగారి అల్లుడు. లండన్‌లో ఎనిమిది నెలలుండి, అక్కడి చలికి తాళలేక తిరిగొచ్చి, ఆ ఎనిమిది నెలల గురించి ఇరవై ఏళ్లు ఉపన్యాసాలిచ్చినవాడు. ఆయన దగ్గరికి వెళ్తే ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో గంటసేపు చెప్పాడు. చివరికి నా గొడవ విని, "ఏరా, ఇదో సమస్యా? ఆ ముసల్ది నిన్ను కని పోయింది, పైడమ్మ పెంచింది అని రాసి పారెయ్. జర్మనీవాడు వచ్చి చూస్తాడా?" అన్నాడు. నన్ను బతికించుకోవడానికి కొన్న మనిషిని నేను కాగితం మీద చంపాలన్నమాట. ఆయన పేరు ఇక్కడ రాయను, మనవలు చదువుతారు. సలహా మాత్రం గుర్తుంచుకోండి, ఈ రోజుకీ అలాంటి సలహాలిచ్చేవాళ్లు ఉన్నారు.

టెక్కలి తాలూకా ఆఫీసులో ఇలాంటివి సరిదిద్దే అధికారి ఉన్నాడని తెలిసి ఉత్తరం రాశాను. రికార్డులో తల్లిగా ఉన్న మనిషి స్వయంగా వచ్చి చెప్పాలి, శుక్రవారం సాయంత్రం లోపల రండి, ఆ తర్వాత నేను క్యాంపులో ఉంటాను అని జవాబు వచ్చింది. అది నా చేతికి అందింది గురువారం. మా అమ్మ వాంగ్మూలం అప్పటికే కోటలో రాయించి పెట్టుకున్నాను. శుక్రవారం తెల్లవారుతూనే కోటలో బస్సెక్కాను. విజయనగరానికి గంటన్నర, టిక్కెట్టు రూపాయి లోపే. అప్పటికింకా విజయనగరం జిల్లా కాలేదు, అది వేరే సంగతి. అక్కడ పాసెంజరు పట్టుకుంటే ఆమదాలవలస, తిలారు దాటి పదిన్నర ప్రాంతానికి నౌపడాలో దిగాను. ఎండకి ఉప్పు కుప్పలు కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. స్టేషను బయట ఒకటే జట్కా ఉంది.

"ఎక్కడికి బాబూ?" అన్నాడు జట్కావాడు.

ఆత్రంలో నోరు జారి, "జర్మనీ" అన్నాను.

"ఆ ఊరికి మా గుర్రం ఎల్లదు. బావనపాడు దాకా అయితే ఎక్కండి."

రానూ పోనూ మూడు రూపాయలకి ఒప్పుకున్నాడు. దారంతా ఉప్పు గాలి, మధ్యమధ్యలో జీడితోటలు. ఇప్పుడక్కడికి ఆటోలు తిరుగుతున్నాయి, అరగంట కూడా పట్టదు.

అసిరమ్మ వీధరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది. అప్పటికి అరవై దాటి ఉంటుంది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవుల్రా అది?"

"నానే అమ్మా, తవుడుని."

"ఒరే తవుడా! ఏటిలాగ సిక్కిపోనావు? పైడమ్మ బువ్వెట్టడం మానీసినాదేటి?" అని కోడలి చేత చోడంబలి, అదే రాగి అంబలి, తెప్పించి, తాగేవరకూ నన్ను మాట్లాడనివ్వలేదు. తాగాక సంగతి చెప్పాను. ఆమె చేట కింద పెట్టింది.

"అంటే, నువ్వు నా కొడుకువి కావని సర్కారోడి ముందు సెప్పాలా?"

"అవునమ్మా. ఒక్క మాట."

"సెప్పను."

అప్పటికే నేను బోలెడన్ని పుస్తకాలు చదివి ఉన్నాను. మూఢనమ్మకాల మీద ఒక గట్టి ఉపన్యాసం ఇచ్చాను. అంతా విని, "అయ్యిందేటి? నీకు ముందోలు ఇద్దరూ ఈ సేతుల్లోనే పోనారు. ఆలకి నువ్వు సదివిన బుక్కులు తెలీవు. సముద్రం దాటి ఎల్లే ముందర నువ్వు నా బిడ్డవి కావని నాను నోటంట అంటే, ఆలిద్దర్నీ అట్టుకుపోనోలు ఇంటారు. ఆ పాపం నాకొద్దు" అంది.  ఆఫీసు సాయంత్రం ఐదింటికి మూసేస్తారు, అధికారి మర్నాటి నుంచి ఉండడు. జర్మనీ నా కళ్లముందే ఉప్పులా కరిగిపోతోంది. ఏం చెయ్యాలో తెలియక తల పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయాను.

నా మొహం చూసి కాబోలు, ఆమే అంది. "ఒక్క దారుంది. కొన్న సరుకుని ఊరికినే కాదనకూడదు. ఇడిపించుకోవాల. నాను పోసిన తవుడు నాకు తిరిగిచ్చీ. అప్పుడు బేరం తెగిపోతాది, నాను అబద్దం ఆడినట్టూ కాదు, నీకు దోసమూ నేదు."

ఇంతేనా అని కొట్టుకి పరిగెత్తి, పశువులకి అమ్మే తవుడు పొట్లం కట్టించి తెచ్చాను. ఆమె చిటికెడు తీసి అరచేతిలో రాసి చూసింది.

"ఇది మిల్లు తవుడు. నాను పోసినది దంపుడు తవుడురా."

ఆ ఊళ్లో కూడా అప్పటికి దంపుడు దాదాపు మాయమైంది, అందరూ మిల్లుకే పోతున్నారు. అదృష్టం కొద్దీ ఆవిడ తన మట్టుకు ఊక తీసిన ముడిబియ్యం కుండలో దాచుకుని, కావలసినప్పుడల్లా దంపించుకునేది. కోడలు రోలు కడిగింది. ఎవరు విడిపించుకుంటున్నారో వాళ్లే దంచాలంది అసిరమ్మ. చొక్కా విప్పి రోకలి అందుకున్నాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లు గుమ్మంలోకి చేరారు.

"ఒసే, సూడే! జర్మనీ దొర రోకలి ఎలగ పట్టినాడో! సుత్తి అనుకున్నాడేటి?"

"ఆ దేశంలో ఇదే పనంట వదినా. అందుకే నేర్సుకుంతన్నాడు."

"అంత గట్టిగా కాదురా," అసిరమ్మ అరిచింది. "బియ్యం నూకైపోతే నీకు దోసం పోదు, నాకు కూడు పోతాది!"

నా చేతులు బొబ్బలెక్కాక, నవ్వినవాళ్లే జాలిపడి తలో పోటూ వేశారు. అసిరమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. జట్కావాడు రెండుసార్లు లోపలికి తొంగిచూసి, "బాబూ, గుర్రం నిద్రోతంది" అని హెచ్చరించాడు. జల్లించి, తవ్వతో కొలిచి, పైన చేత్తో సమం చేసి ఆమె చెంగులో పోశాను. ఆమె ఏదో గొణుక్కుని, తిన్నగా వెళ్లి గేదె కుడితిలో కలిపేసింది. తర్వాత ఉతికిన చీర కట్టుకుని వచ్చి జట్కాలో కూర్చుంది.

నౌపడాలో చిన్న రైలెక్కితే తర్వాత ఆగేది టెక్కలిలోనే. పక్కన మనిషి నడిచినా అందుకునేంత నెమ్మది, అయినా నాలుగింటికల్లా ఆఫీసులో ఉన్నాం. అధికారి గుంటూరు వైపు మనిషి.

"ఏమ్మా, ఈ అబ్బాయి మీ కొడుకేనా?"

"పొద్దున్న దాకా."

ఆయన కలం ఆపేశాడు. "మరి ఇప్పుడు?"

"ఇయాళ మద్దేనం ఇడిపించుకున్నాడు కదా."

ఆయన నా వైపు చూశాడు.  ఈ మనిషికి మతి స్థిమితం లేదని రాస్తే అంతా అయిపోయినట్టే. పక్క బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా తలెత్తి, "సార్, తవుడుకి కొన్నారండి. మా ఇంట్లో కూడా ఒకడున్నాడు" అన్నాడు. అధికారికి అర్థం కాలేదు. ఓపికగా ఇంకోలా అడిగాడు.

"నేను అడిగేది ఒక్కటే తల్లీ. ఈ అబ్బాయిని కన్నది ఎవరు?"

"కన్నది పైడమ్మ. కొన్నది నాను. అంతే, రాసుకో బాబూ."

ఆయన పెద్దగా నవ్వాడు. ఆ మాటలు పాడు చెయ్యకుండా, కన్న తల్లి పైడమ్మ, ఊరి ఆచారాన్ని బట్టి పేరు నమోదైన ఆవిడ అసిరమ్మ అని ఇంగ్లీషులో చెప్పి రాయించాడు. వేలిముద్ర, సంతకం, ముద్ర. ఆ ముద్ర పడిన చప్పుడుకి నా భుజాలు రెండూ కిందికి దిగాయి. అంతవరకూ అవి చెవుల దగ్గరున్నాయని నాకే తెలియదు.

నౌపడా తిరిగొచ్చేసరికి విజయనగరం బండి సిద్ధంగా ఉంది. అసిరమ్మ కాళ్లకి దణ్ణం పెట్టాను. ఆమె వెనక్కి జరిగి, "జాగర్త బాబూ. ఎల్లి రండి" అంది.

నాకు అర్థం కాలేదు. "ఎవరితో అంటన్నావమ్మా?"

"మీతోనే. ఇంక నా సరుకు కాదు కదా. పైడమ్మ గారి అబ్బాయిని ఒరే అనకూడదు."

కాగితం జేబులో ఉంది. కోరుకున్నదంతా జరిగింది. కాని ఆ 'మీరు' గుచ్చుకున్నట్టు ఆ రోజు మరేదీ గుచ్చుకోలేదు. బండెక్కి, తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాను. బండి కదిలింది. చెయ్యి ఊపుదామని కొంచెం ముందుకి వంగానో లేదో, ప్లాట్‌ఫారం మొత్తం వినపడేలా కేక.

"ఒరే తవుడా! తలుపు కాడ నిలబడకురా, పడి సస్తావు!"

లోపలికి వచ్చి కూర్చున్నాను. ఆమదాలవలస దాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను.

జర్మనీలో ముప్పై ఏళ్లకి పైగా ఉన్నాను. నా పెళ్లికి, అక్కడ కూతురు పుట్టినప్పుడు, పింఛను లెక్క తేలేటప్పుడు, ప్రతిసారీ పురపాలక కార్యాలయంలో అడిగింది పుట్టుక కాగితమే. ప్రతిసారీ ఆ టెక్కలి ముద్ర నన్ను గట్టెక్కించింది. ఫోర్కు ఏ చేత్తో పట్టుకున్నానని ఒక్కరూ అడగలేదు. ఈ వయసులో నాకు చాలామంది మీద కోపాలున్నాయి, వాటిలో చాలావరకు న్యాయమైనవే. కాని ఆ శుక్రవారం తలుచుకుంటే మాత్రం ఒంట్లో బరువు దిగిపోతుంది. నన్ను విడిచిపెట్టడానికి ఒప్పుకున్న మనిషే నన్ను విడిచిపెట్టలేదు. అందుకే ఎంత దూరం వెళ్లినా పోగొట్టుకున్నట్టు అనిపించలేదు.

మీకు నేను చెప్పే సలహా ఒకటే. టిక్కెట్టు కొనే ముందు మీ పుట్టుక సర్టిఫికెట్టు, పదో తరగతి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు ఒకచోట పెట్టుకుని తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే, తెలిసిన మనుషులు బతికుండగానే పుట్టిన ఊరెళ్లి సరిచేయించుకోండి. విదేశంలో చెల్లేలా దాన్ని ధ్రువీకరించే పద్ధతి ఒక్కో దేశానికి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఆ సంగతి మాత్రం బావగార్లని అడక్కుండా ఆ దేశపు కాన్సులేట్‌నే అడగండి.