తిరిగొచ్చిన డబ్బా

మేస్త్రీ మామ చనిపోయాడని మాకు చెప్పింది పాలు పోసే ఆమె. "పోయినాడంట. పీడ విరగడైంది" అంది, పాలు కొలవడం ఆపకుండానే. గుత్తిలో ఆయన చావుకు నేను విన్న మొదటి సంతాపం అదే.

మామ మా వీధి మనిషి. వేరుశనగ మిల్లులో హమాలీలకు మేస్త్రీ. బస్తాలు లారీలకెత్తిన కాలంలో ఆయన మాటకు తిరుగులేదు. తర్వాత కంటైనర్లు వచ్చాయి. మిల్లులోనే వేరుశనగ పప్పు నింపి, తలుపు బిగించి, నేరుగా చెన్నై రేవుకు పంపేవారు. మేమంతా వాటిని డబ్బాలనేవాళ్లం. "పప్పుకు గాలుండల్ల, మనిషికి పనుండల్ల. ఈ డబ్బాలో రెండూ ల్యావు" అనేవాడు మామ.

కరువు ముదిరిన ఏడాది ఒక డబ్బా తిరిగొచ్చింది. ఓడ దొరక్క రేవులో చాన్నాళ్లు పడి ఉందట. తీరా సముద్రం దాటాక, బూజు విషం పట్టిందని అక్కడివాళ్లు వద్దన్నారు. తలుపు తీస్తే ముక్కిన వాసన. యజమాని నష్టం పూడ్చుకోవాలని ఊళ్లోనే చవగ్గా అమ్మమని మామకు చెప్పాడు. జనం సంచులతో ఎగబడ్డారు. పొయ్యి వెలగని ఇళ్లు వాళ్లవి, వాళ్లనేమీ అనలేను.

మామ కిరసనాయిలు తెచ్చి పప్పు మీద గుమ్మరించాడు. అడ్డొచ్చిన ఆడవాళ్లను కర్రతో తరిమాడు. అప్పటికే కొంగు నింపుకున్న సొంత పెళ్లాన్నీ వదల్లేదు. ఆ కొంగులోనూ పోశాడు.

"ఆకలికి సచ్చేటోళ్లకు విషమేందప్పా!" అని ఎవరో అరిచారు.

"ఆకలితో సస్తే కరువు సంపినట్ల. ఇది తిని సస్తే నేను సంపినట్ల" అన్నాడు మామ.

యజమాని ఆ పూటే పనిలోంచి తీసేశాడు. ఊరు ఆయనతో మాట మానేసింది. తినని విషానికి సాక్ష్యమేముంటుంది? నా కొడుకులిద్దరూ ఆ పప్పు తినలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. ఈ మాట ఆయన బతికుండగా ఊళ్లో ఇంకెవరూ అనలేదు.

ఆ తర్వాత అరుగు మీద చిరిగిన గోతాలు కుట్టుకుంటూ బతికాడు. పిల్లల చేతిలో వేరుశనగ కనిపిస్తే లాక్కుని, వాసన చూసి, తిరిగిచ్చేవాడు. వాళ్ల తల్లులు శాపనార్థాలు పెట్టేవాళ్లు. ఆయన మళ్లీ సూది అందుకునేవాడు.

పాడె ఎత్తడానికి నేనూ నా కొడుకులూ తప్ప ఎవరూ రాలేదు. ఆయన చేతికింద పనిచేసిన హమాలీలు ఎదురుగా టీ కొట్టు దగ్గరే ఉన్నారు. అత్త కొంగు నడుముకు దోపి, నాలుగో మూల భుజం పెట్టింది.

"ఆడది పట్టగూడదమ్మా" అన్నాడు కులపెద్ద.

"అయితే నువ్వు పట్టన్నా."

ఆయన పక్కకు చూశాడు. పాడె లేచింది. టీ కొట్టు ముందు ఒక్కరూ చేతిలో గ్లాసు కింద పెట్టలేదు.